మూత్రపిండ ధమనుల ఇరుకు: చికిత్స ఎవరికి, ఎప్పుడు?

నీరు పారు మార్గము ఇరుకైనచో ఏమి జరుగునో అవుకు పరిసర గ్రామముల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. గాలేరు-నగరి వరద కాలువ నీటిని గోరుకల్లునుండి అవుకు జలాశయమునకు తెచ్చుటకు కొండలో సొరంగములు త్రవ్వునపుడు, ఒకచోట గట్టి రాతికి మారుగా వదులైన పొరలు తగిలినవి. మట్టి పైనుండి విరిగి పడుచుండుటచే పని చాల కాలము ఆలస్యమైనది. కడకు ఆ భాగమును విడిచి, ప్రక్కగా వేరొక దారి త్రవ్వి కలుపవలసి వచ్చినది. రెండవ సొరంగము 2023 నవంబరు 30వ తేదీన ప్రారంభమైనది. దారి చెడినపుడు దానిని వెడల్పు చేయుటయా, లోపల గట్టి పూత వేయుటయా, ప్రక్కనుండి వేరొక దారి తీయుటయా, లేక ఉన్న దారితోనే జాగ్రత్తగా పని నడుపుకొనుటయా అను ప్రశ్న ఇంజనీర్లకు ఎదురైనట్లే వైద్యులకును ఎదురగుచుండును.

మన శరీరమున కూడ ఇట్టి మార్గములు రెండు గలవు. గుండెనుండి బయలుదేరు పెద్ద రక్తనాళము నడుము ఎగువ భాగమునకు వచ్చుసరికి కుడి ఎడమలకు ఒక్కొక్క కొమ్మను పంపును. ఒకటి కుడి మూత్రపిండమునకు, మరియొకటి ఎడమ మూత్రపిండమునకు పోవును. వీనినే మూత్రపిండ ధమనులందురు. లోపలి వెడల్పు 5, 6 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు ఒక కందిగింజ అంత. అంత సన్నని దారులు రెండును కలిసి, గుండె నిమిషమునకు పంపు రక్తములో అయిదవ వంతును మూత్రపిండములకు చేర్చుచున్నవి. ఆ రక్తమునుండి మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, పనికివచ్చు దానిని తిరిగి రక్తములోనికి పంపి, ఒకటిన్నర రెండు లీటర్లను మాత్రము మూత్రముగా విడుచును. ఈ ధమనులలో ఒకటిగాని రెండునుగాని ఇరుకైనచో కలుగు వ్యాధిని గూర్చియు, దానికి చేయదగిన చికిత్సను గూర్చియు పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. ఈ జబ్బునకు నొప్పి లేదు. రోగి స్వయముగా గుర్తించుటకు వీలులేనిది. ఊరిలో ఎవరో ఒకరు రక్తపు పోటు కొలిచి, రక్తపరీక్ష చేయించి, ఫలితమును పట్టించుకొన్నగాని బయటపడదు. గుర్తింపక విడిచినచో కొందరికి మూత్రపిండములు పూర్తిగా చెడును. అవసరము లేనిచోట తొందరపడి ఖర్చుతో కూడిన చికిత్స చేయించినచో కుటుంబము అప్పులపాలగును. ఈ రెండు ప్రమాదములును నిజమైనవే.

చివరి మడి రైతు చేయు పని

ధమని ఇరుకైనపుడు రక్తపు పోటు ఎందుకు పెరుగును? ఇది చాల కాలము వైద్యులకే అర్థము కాని సంగతి. రక్తపు పోటు ఎక్కువైనందున మూత్రపిండము చెడునని మాత్రమే వారు తలచెడివారు. అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున హారీ గోల్డ్‌బ్లాట్ అను వైద్యుడు 1934వ సంవత్సరమున దీనిని తలక్రిందులు చేసి చూపెను. ఆయన కుక్కల మూత్రపిండ ధమనికి చిన్న వెండి బిగింపు అమర్చి, రక్త ప్రవాహమును కొంత తగ్గించెను. వెంటనే ఆ కుక్కల రక్తపు పోటు పెరిగి, అట్లే నిలిచియుండెను. అనగా పోటునకు మూత్రపిండము బలియగుట యేగాక, మూత్రపిండమే పోటునకు కారణము కూడ కావచ్చునని తేలినది.

లోపల జరుగు పని ఇది. తనకు చేరు రక్తము తగ్గగానే మూత్రపిండము ‘శరీరమంతటను రక్తము తగ్గినది కాబోలు’ అని భ్రమించి, రెనిన్ అను పదార్థమును విడుచును. దాని ప్రభావముచే రక్తములో యాంజియోటెన్సిన్ అను మరియొక పదార్థము తయారై శరీరమందలి నాళములనన్నిటిని బిగించును. ఉప్పును, నీటిని బయటికి పోనీయక నిలువచేయును. కాలువ చివర నున్న మడికి నీరందలేదని రైతు పట్టుబట్టి, ఎగువన తలుపులన్నియు ఎత్తించి కాలువ నిండుగా పారించినట్లే ఇది. తన మడికి చాలినంత నీరు వచ్చునో రాదో గాని, ఎగువ గట్లు మాత్రము తెగుటకు సిద్ధమగును. అట్లు తెగు గట్లే మెదడులోని నాళములు, గుండె, కంటి నరములు. పక్షవాతము, గుండె బలహీనత ఈ దారిన వచ్చుచున్నవి. ఒకవైపు ధమని మాత్రమే ఇరుకైనపుడు, రెండవవైపున నున్న మంచి మూత్రపిండము ఈ హెచ్చు పోటును ఏండ్లతరబడి భరించి అదియును చెడిపోవుట కలదు.

ఎవరికి వచ్చును?

ఎక్కువమందిలో కారణము వయస్సుతో నాళముల లోపలి గోడకు కొవ్వు పేరుకొనుట. గుండెపోటునకు, కాళ్ళ నాళములు మూసుకొనుటకు కారణమైన కొవ్వే ఇచ్చటను కారణము. మధుమేహము గలవారికి, బీడీ చుట్టలు కాల్చువారికి, ఏండ్లతరబడి రక్తపు పోటును అదుపు చేసికొననివారికి ఇది హెచ్చు. ఏబది ఏండ్లు దాటినవారిలో కనబడునది సామాన్యముగా ఈ రకమే.

రెండవ రకము వేరు. నడివయస్సు స్త్రీలలో ధమని గోడలోని నార, కండరము అసహజముగ పెరిగి, నాళము పూసలదండ వలె అక్కడక్కడ నొక్కుకొనిపోవును. కొవ్వుతో దీనికి సంబంధము లేదు.

మూడవ రకమును గూర్చి మన దేశమున ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. యౌవనములో నున్నవారికి, విశేషముగ నలుబది ఏండ్ల లోపు స్త్రీలకు, పెద్ద రక్తనాళముల గోడలు వాచి క్రమముగ గట్టిపడి ఇరుకగు జబ్బు ఒకటి కలదు. దీనిని జపాను దేశపు నేత్రవైద్యుడు టకయాసు 1908వ సంవత్సరమున వర్ణించెను గనుక అతని పేరనే పిలుచుచున్నారు. పాశ్చాత్య దేశములలో అరుదైన ఈ జబ్బు ఆసియా దేశములలోను, మన దేశమునను అంత అరుదు కాదు. చిన్న వయస్సువారిలో మూత్రపిండ ధమని ఇరుకగుటకు మన వద్ద నున్న ముఖ్య కారణములలో ఇది ఒకటి. మన రాయలసీమ వాసులు తరచుగ పోవు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఇట్టి రోగులను చాల కాలమునుండి ప్రత్యేకముగ చూచుచున్నారు. ఈ జబ్బు గల కొందరికి ఒక చేతి నాడి అందదు. లేదా రెండు చేతులలో పోటు వేరువేరుగ నుండును. నాడి అందని చేతికి పట్టీ కట్టి చూచి ‘నీకు పోటు లేదమ్మా’ అని పంపివేసినచో, అసలు పోటు దాగియే యుండును. పోటు మొదటిసారి చూచునపుడు రెండు చేతులకును చూడవలెనని చెప్పుటకు ఇది ఒక కారణము.

ఇచ్చట ఒక మాట. మూత్రపిండముల జబ్బు అనగానే మన రాష్ట్రములో శ్రీకాకుళము జిల్లా ఉద్దానము పేరు అందరికిని గుర్తువచ్చును. అచ్చటి వ్యాధి వేరు. దానిలో మూత్రపిండపు లోపలి కణజాలమే మెల్లగా క్షీణించును. ధమని ఇరుకునకును దానికిని సంబంధము లేదు. మధుమేహము వలన చెడు మూత్రపిండము కూడ వేరు విషయమే. కాబట్టి క్రియాటినిన్ పెరిగిన ప్రతివానికి ధమని ఇరుకైనదని అనుకొనరాదు.

అనుమానింపవలసిన గుర్తులు

ముప్పది ఏండ్ల లోపు వయస్సువారికి హెచ్చు రక్తపు పోటు కనబడుట. ఏబదియైదు దాటినవారికి అంతవరకు లేని పోటు ఒక్కసారిగా తీవ్రముగ వచ్చుట, లేదా మందులతో చక్కగా నున్న పోటు హఠాత్తుగ అదుపు తప్పుట. మూత్రము జారీ చేయు బిళ్ళతో కలిపి మూడు రకముల మందులు సరిగా వాడినను పోటు దిగకుండుట. గుండెకు పెద్ద జబ్బు లేకయే రాత్రివేళ ఉన్నట్టుండి ఊపిరితిత్తులలో నీరుచేరి ఊపిరాడక లేచి కూర్చుండుట. స్కానింగులో ఒక మూత్రపిండము రెండవదానికంటె ఒకటిన్నర సెంటీమీటరుగాని అంతకు మించిగాని చిన్నదిగ కనబడుట. ఇవి వైద్యుని దృష్టికి తీసికొనిపోవలసిన గుర్తులు.

మరియొక గుర్తు కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. పోటు బిళ్ళలలో పేరు చివర ‘ప్రిల్’ అని గాని ‘సార్టన్’ అని గాని వచ్చునవి కొన్ని కలవు. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ ఇట్టివి. వీని పుట్టుక విచిత్రమైనది. బ్రెజిలు దేశపు ఒక జాతి రక్తపింజరి విషము రక్తపు పోటును పడవేయుట గమనించి, ఆ విషములోని పదార్థములను పరిశోధించిన మీదట ఈ తెగలోని కాప్టోప్రిల్ అను మందు తయారై 1981వ సంవత్సరమున అమెరికాలో అనుమతి పొందినది. ఇవి పైన చెప్పిన యాంజియోటెన్సిన్ పనిని అడ్డుకొనును గనుక ధమని ఇరుకు గలవారికి చాల మంచి మందులు. అయితే రెండు ధమనులును ఇరుకైనవారిలోను, ఒకే మూత్రపిండము గలవారిలోను చిక్కు గలదు. అట్టివారి మూత్రపిండము ఆ యాంజియోటెన్సిన్ బిగింపుతోనే ఎట్లో వడపోత సాగించుచుండును. బిగింపు తీసివేయగనే వడపోత పడిపోయి రక్తములో క్రియాటినిన్ పెరుగును. అందువలన ఈ బిళ్ళలు ప్రారంభించిన ఒకటి రెండు వారములలో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుట నియమము. క్రియాటినిన్ స్వల్పముగ పెరిగినంత మాత్రమున మందు మానరాదు. మొదటి అంకెకు నూటికి ముప్పది వంతులు మించి పెరిగినచో వైద్యుడు ధమనుల ఇరుకును అనుమానించును. గ్రామములలో ఈ రెండవ పరీక్షయే తరచుగ జారిపోవుచున్నది. బిళ్ళలు వ్రాయించుకొని వచ్చినవారు బాగున్నామని తిరిగి పోరు. ఈ తెగ బిళ్ళలు గర్భిణులు వాడరాదు. శిశువునకు హాని గలదు. గర్భము ధరింపదలచిన యువతులు ముందుగనే చెప్పి మందు మార్పించుకొనవలెను.

అనుమానము కలిగినపుడు మొదటి పరీక్ష డాప్లర్ స్కానింగు. దీనిలో సూదులు, మందులు ఏవియు ఉండవు. నాళములో రక్తము ఎంత వడిగా పోవుచున్నదో ధ్వనితరంగములతో తెలిసికొందురు. ఇరుకైన తూములో నీరు వడిగా దూకునట్లే, ఇరుకైన చోట రక్తపు వేగము హెచ్చగును. పిదప అవసరమైనచో రక్తనాళములలో రంగుమందు ఎక్కించి సి.టి. స్కానింగు చేయుదురు. ఆ రంగుమందు, ఇదివరకే బలహీనమైన మూత్రపిండమునకు భారము కావచ్చును గనుక క్రియాటినిన్ ఎంత యున్నదో ముందుగ చూచిగాని చేయరు.

వెడల్పు చేయుటయా, మందులా?

మొదట శస్త్రచికిత్స ఒక్కటే దారిగ నుండెను. చెడిన మూత్రపిండమును తీసివేయుట, లేదా ఇరుకైన భాగమును దాటించి ప్రక్కనుండి వేరొక నాళము కుట్టుట. 1978వ సంవత్సరమున స్విట్జర్లాండులో గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు కోత లేకయే ధమనిని వెడల్పు చేయు పద్ధతిని మూత్రపిండమునకు వర్తింపజేసెను. తొడ మొదలునగల నాళముద్వారా సన్నని గొట్టమును పంపి, ఇరుకైన చోట చిన్న బుడగను ఉబ్బించి నాళమును విప్పుటయే ఆ పద్ధతి. ఇప్పుడు కొందరికి మణికట్టు వద్దనుండి కూడ చేయుచున్నారు. పిమ్మట, విప్పిన నాళము మరల మూసుకొనకుండ లోహపు జాలి గొట్టమును, అనగా స్టెంటును అచ్చటనే నిలుపుట అలవాటైనది. రోగి సామాన్యముగ ఒకటి రెండు దినములలో ఇంటికి పోవచ్చును.

ఇరుకైనదానిని వెడల్పు చేసినచో మూత్రపిండము బాగుపడక ఏమగును అని ఎవరికైనను తోచును. వైద్యులకును అట్లే తోచినది. లోకమంతటను వేలకొలది స్టెంట్లు వేసిరి. అయితే తోచినది నిజమగునో కాదో చూచుటకు, కొవ్వు పేరుకొని ధమని ఇరుకైన రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి మందులు మాత్రమే, రెండవ భాగమువారికి మందులతోపాటు ధమనిని విప్పు చికిత్సయు ఇచ్చి ఏండ్లతరబడి పోల్చిచూచిరి. 2009వ సంవత్సరమున వెలువడిన ‘ఆస్ట్రల్’ అను పరిశోధనలో 806 మంది, 2014వ సంవత్సరమున ప్రచురింపబడిన ‘కోరల్’ అను పరిశోధనలో 947 మంది పాల్గొనిరి. రెండింటి ఫలితము ఒక్కటే. స్టెంటు వేసినవారి మూత్రపిండములు వేయనివారి వానికంటె మేలుగ నిలువలేదు. మరణములలోను, గుండెపోటులలోను చెప్పదగిన తేడా కనబడలేదు. పైగా ధమనిని విప్పు చికిత్స పొందినవారిలో కొందరికి రక్తస్రావము, నాళము చీలుట వంటి చిక్కులు కలిగినవి.

ఎందుకిట్లు? నీరందక ఏండ్లతరబడి ఎండి చవుడు బారిన పొలమునకు కాలువ బాగుచేసి నీరు విడిచినను వెంటనే పంట రాదు గదా. చాల కాలము రక్తము చాలక మచ్చలు కట్టిన మూత్రపిండము కూడ అంతే. అదియుగాక పెద్ద కాలువను విప్పునపుడు గోడకున్న కొవ్వు ముక్కలు ఊడి, లోపలి సన్నని పిల్లకాలువలలో చిక్కుకొని, ఉన్న వడపోతను కూడ చెరుపవచ్చును. మరియు కొందరిలో మూత్రపిండము చెడుటకు అసలు కారణము మధుమేహమో, ఏండ్లనాటి పోటో అయియుండును. స్కానింగులో కనబడిన ఇరుకు ప్రక్కన నిలిచిన సాక్షి మాత్రమే.

కనుక కొవ్వువలన ధమని ఇరుకైన ఎక్కువమందికి మొదటి చికిత్స మందులే. పోటును అదుపుచేయు బిళ్ళలు, కొవ్వును తగ్గించు స్టాటిన్ బిళ్ళ, వైద్యుడు అవసరమనినచో ఆస్పిరిన్, మధుమేహమున్నచో దాని అదుపు, బీడీ పూర్తిగ మానుట. చూచుటకు ఇది సామాన్యమైన చికిత్స. అయితే ‘కోరల్’ పరిశోధనలో స్టెంటుతో సమానముగ నిలిచినది ఈ సామాన్య చికిత్సయే. దినదినము తప్పక సాగిన చికిత్స అని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ధమనిని విప్పుట తప్పనిసరియగు వారు కొందరు గలరు. ఊపిరితిత్తులలో హఠాత్తుగ నీరుచేరుట ఒకటికి రెండుసార్లు జరిగినవారు ఒకరు. ఇట్టివారు ఆ పరిశోధనలలో తక్కువగ చేరిరి. వీరికి స్టెంటు ప్రాణరక్షకము కావచ్చును. రెండు ధమనులును బాగుగ ఇరుకై, లేదా ఉన్న ఒక్క మూత్రపిండపు ధమని ఇరుకై, క్రియాటినిన్ వారములలోనే వేగముగ పెరుగుచున్నవారు మరియొకరు. అన్ని మందులు సరిగ వాడినను పోటు దిగనివారు, ధమని ఇరుకువలన పోటు మందులను ఓర్వలేనివారు కూడ. ఇట్టివారి విషయమున ఆలస్యము మంచిది కాదు. మూత్రపిండము బాగుగ కుంచించుకొనిపోయిన పిమ్మట ధమనిని విప్పియు ప్రయోజనముండదు.

యువతుల సంగతి వేరు. పూసలదండ వలె నొక్కుకొనిన ధమనిని బుడగతో విప్పినంతనే, సామాన్యముగ స్టెంటు లేకయే, చాలమందికి పోటు తగ్గును. కొందరు బిళ్ళలు మానగలుగుదురు కూడ. టకయాసు జబ్బులో మాత్రము ముందుగ నాళముల వాపును మందులతో చల్లార్చవలెను. వాపు చల్లారకముందే విప్పినచో మరల మూసుకొనుట హెచ్చు. ఈ తొందరపాటు వలన రెండుమూడుసార్లు చికిత్స చేయించుకొనవలసి వచ్చు యువతులు గలరు.

గ్రామమున జరుగవలసినది

అవుకు, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాతి గనులలోను, బండలకు నునుపు పెట్టు కర్మాగారములలోను చాలమంది పనిచేయుచున్నారు. నడుము నొప్పులు, కీళ్ళ నొప్పులు అచ్చట నిత్యకృత్యము. నొప్పి బిళ్ళ అంగడిలో అడిగినంతనే దొరకును. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు మూత్రపిండమునకు పోవు రక్తమును తగ్గించును, పోటును పెంచును. ఎండలో చెమటోడ్చి, నీరు చాలక, పైన ఈ బిళ్ళలును, పోటునకు వాడు బిళ్ళలును కలిసినపుడు ఇరుకైన ధమని గల మూత్రపిండము కొద్ది దినములలోనే చెడవచ్చును. ధమని ఇరుకు ఉన్నదో లేదో తెలియనివారే అందరును గదా. గనుల వద్ద మంచినీరు, నీడ కల్పించుట యజమానుల బాధ్యత. ఆ ఏర్పాటున్నదో లేదో అడుగుటకు పంచాయతీ సభ్యునికి మొగమాటము పనికిరాదు. వాంతులు, విరేచనములు అయిన దినములలో పోటు బిళ్ళలను కొన్నిటిని తాత్కాలికముగ ఆపవలసియుండును. ఏవి ఆపవలెనో ఆరోగ్య కార్యకర్తనుగాని వైద్యునిగాని అడుగవలెను.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునందు పంచాయతీకి స్థానమున్నది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ‘ఆరోగ్యవంతమైన గ్రామము’ అనునది ఒక లక్ష్యముగ నిర్ణయింపబడినది. సాధారణముగ ఆ శీర్షిక క్రింద మురుగు కాలువలు, దోమలమందు మాత్రమే చేరుచున్నవి. అవి కావలసినవే. వానితోపాటు ఉపకేంద్రమునందలి పోటు యంత్రము పనిచేయుచున్నదా, దాని పట్టీ లావైన చేతికిని సన్నని చేతికిని సరిపోవునవి రెండు ఉన్నవా అని సంఘము కూర్చున్నపుడు ఒకసారి అడిగి చూడవలెను. పట్టీ సరిపడనిచో అంకె తప్పు చూపును. పోటు బిళ్ళలు వాడువారి పట్టిక ఏ.ఎన్.ఎం. వద్ద నుండును. ఆ పట్టికలో ముప్పది లోపువారు ఎందరు, మూడు రకముల బిళ్ళలు వాడియు దిగనివారు ఎందరు, క్రియాటినిన్ పరీక్ష ఏడాదిగ జరుగనివారు ఎందరు అని ప్రశ్నించినచో చాలును. పేర్లు సభలో చదువరాదు. పెండ్లి కావలసిన పిల్లకు పోటున్నదని తెలిసినచో సంబంధములు తప్పునని తల్లిదండ్రులు దాచుట సహజము. ఆ భయమును ఎరిగియే ఈ పని చేయవలెను.

ఉప్పు విషయమున, మనిషికి దినమునకు 5 గ్రాములు, అనగా ఒక టీ చెంచా మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన ఇండ్లలో ఊరగాయ, పచ్చడి, అప్పడము, ఊరమిరపకాయ కలిసినచో ఒక్క పూటలోనే అది తీరిపోవును. ఉప్పు లేని సంగటి తినుమని ఎవరికిని చెప్పనక్కరలేదు. ఊరగాయ ప్రతి పూట కాక ఎప్పుడో ఒకప్పుడు అన్నచో వినుదురు.

ఇక సొమ్ము సంగతి. స్టెంటు వేయవలెనని ఎవరైన చెప్పినపుడు కుటుంబము పొలము తాకట్టు పెట్టుటకు ముందు వైద్యుని మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఇరుకునకు కారణము కొవ్వా, వాపా, మరియొకటా? మందులతో కొన్నాళ్ళు చూచుటకు అవకాశమున్నదా, లేనిచో ఏ గుర్తునుబట్టి తొందర? ఆ మూత్రపిండము ఇంకను కోలుకొనదగిన స్థితిలో నున్నదా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపపడడు. నంద్యాలలో 2023వ సంవత్సరమున ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మూత్రపిండ విభాగము, గుండె విభాగము రెండును గలవు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. రెండవ అభిప్రాయము కొరకు ఆళ్ళగడ్డనుండి గాని అవుకునుండి గాని కర్నూలునకు ఒక్క దినమున పోయి రావచ్చును. డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవా పథకము క్రింద ఆ చికిత్సకు సొమ్ము వచ్చునో రాదో ఆసుపత్రిలోని పథకపు సహాయ కేంద్రమున, చేరుటకు ముందే వ్రాతమూలకముగ తెలిసికొనవలెను.

ఇంత శ్రద్ధ ఎందుకనగా, మూత్రపిండములు రెండును పోయిన పిమ్మట మిగులునది డయాలిసిస్ లేదా మూత్రపిండ మార్పిడి. డయాలిసిస్ వారమునకు రెండు మూడుసార్లు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు. యంత్రమునకు రుసుము లేనిచోట కూడ పోను రాను దినమంతయు పట్టును. తోడుపోవు మనిషి కూలియు పోవును. ఒక ఇంటిలో ఇద్దరి సంపాదన నిలిచిపోవుట అనగా ఏమో గ్రామస్థులకు తెలియనిది కాదు.

స్టెంటు వేయించుకొనినవారు కూడ కొన్ని సంగతులు తెలిసియుండవలెను. పోటు బిళ్ళలు మానవచ్చునని అనుకొనరాదు. చాలమందికి అవి కొనసాగును. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు బిళ్ళను చెప్పినన్ని నెలలు తప్పక మ్రింగవలెను. స్టెంటు లోపల మరల ఇరుకగుట కలదు గనుక, పోటు తిరిగి పెరిగినచో డాప్లర్ స్కానింగు మరల చేయింతురు. పాత స్కానింగు కాగితములు, క్రియాటినిన్ అంకెలు తేదీలతో ఒక సంచిలో పెట్టి ఉంచినచో కొత్త వైద్యునికి సగము పని తేలిక. మొదటి అంకె తెలియనిదే పెరుగుదల ఎంతయో ఎవరును చెప్పలేరు. డాప్లర్ స్కానింగునకు సామాన్యముగ ఉదయము పరగడుపుననే రమ్మందురు, ప్రేగులలో గాలి యున్నచో ధమని కనబడదు గనుక. ఆ ఉదయము పోటు బిళ్ళను గుక్కెడు నీళ్ళతో వేసికొనవచ్చునో లేదో, మధుమేహమునకు ఇన్సులిన్ సూది వేసికొనువారు ఆ పూట ఏమి చేయవలెనో ముందునాడే అడిగి తెలిసికొని బస్సు ఎక్కవలెను.